బహర్ ఒడ్డున కారవాన్

నీళ్ల పక్కన కారవాన్ నిలపడానికి చోట్లు వెతికి రమ్మని మా కఫీల్, అంటే నన్ను వీసా మీద తెచ్చుకున్న సౌదీ యజమాని, చెప్పినప్పుడు, పని గురించి నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఇక్కడ ఉండనిచ్చే కార్డు, నా ఇఖామా, ఏమైందని అడిగాను. అతను చెయ్యి గాల్లో ఊపి, "ఇన్షా అల్లా, ముహందిస్" అన్నాడు. ఆ మాట అతని నోట అవునని వస్తుంది, కాదని వస్తుంది, ఇక అడగొద్దని కూడా వస్తుంది. ముహందిస్ అంటే ఇంజినీరు. అతను నన్ను అలా పిలిచాడంటే నాతో ఏదో అవసరం ఉన్నట్టు.

రియాద్ అంచున సులై అనే గోదాముల పేటలో అతనికి ఒక షెడ్డు ఉండేది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇళ్లను అందులో తయారుచేసేవాళ్లం. కొన్ని అమ్మేవాడు, కొన్ని అద్దెకిచ్చేవాడు. నేను జగిత్యాల వైపువాణ్ణి. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. కారవాన్లలో నీళ్ల పైపులు, గ్యాసు లైను, కరెంటు వైరింగు నా పని. ఇఖామా మీద నా వృత్తి 'ఫన్నీ' అని ఉండేది. అరబ్బీలో టెక్నీషియన్‌ను అలా అంటారు. మా గదిలోవాళ్లు ఆ మాట పట్టుకుని రెండేళ్లు నవ్వారు.

కంపెనీల్లో సౌదీలు ఇంతమంది ఉండాలనే నితాఖత్ నియమం బిగుసుకుని, దాని మీద లెవీ వచ్చి కూర్చున్న కాలం అది. ప్రతి కంపెనీకీ ఒక రంగు ఉండేది. పనిలో సౌదీలు చాలినంతమంది ఉంటే పచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. మాది పసుపు. రంగు సంగతి ఎలా ఉన్నా, ఉన్న ప్రతి విదేశీ మీదా కఫీల్ లెవీ కడుతూనే ఉండాలి. దాంతో క్యాంపు గదిలో మంచాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. తర్వాత ఎవరన్నది ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. నా ఇఖామా గడువు దగ్గరపడింది. రెన్యువల్‌కని కఫీల్ కార్డు తీసుకుని, జిరాక్సు కాగితం చేతిలో పెట్టాడు. అది తిరిగి వస్తుందా, నేనే తిరిగి ఇంటికి పోతానా అన్నది తప్ప ఆ రోజుల్లో నా తలలో వేరే విషయం లేదు.

అలాంటప్పుడు చెరువులు వెతకమన్నాడు. కారణం కూడా చూపించాడు. ఫోన్లో ఒక వీడియో. ఏదో చల్లటి దేశం, చుట్టూ దేవదారు చెట్లు, చెరువు ఒడ్డున వరసగా నిలిపిన కారవాన్లు, వాటి ముందు మడత కుర్చీలు. అద్దెకు తీసుకునేవాళ్లందరూ ఇదే అడుగుతున్నారట. ఇసుకలో ఎక్కడైనా దిగొచ్చు, దానికి ఎవరి సలహా అక్కర్లేదు. నీళ్లు ఎక్కడున్నాయో చెప్పేవాడు కావాలి. ఆనకట్టల వెనక చెరువులు, పారే వాదీలు, అంటే వాగులు, కారవాన్‌తో చేరగలిగినవి, నైరుతి కొండల్లోని ఖమీస్ ముషైత్ దాకా ఏవి మంచివో చూసి రాయమన్నాడు.

మాట సబబుగానే ఉంది. సబబుగా ఉండడమే నాకు నచ్చలేదు. నాకు దేన్నైనా వరసపెట్టి చూసుకునే అలవాటుంది. ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని, తేడాగా కనిపించినవన్నీ వరసపెట్టాను. మొదటిది, కొద్ది రోజుల పనికి సామానంతా తెచ్చుకోమన్నాడు. కంబళితో సహా. రెండోది, పోయే ముందు ఒక అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఏమిటని అడిగితే "ఇఖామా, ఇఖామా" అన్నాడు. మూడోది నా చెవిన పడ్డ మాట. షెడ్డులో ఆఫీసుగా వాడే గ్లాసు గదిలో అతను తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. బయట గ్రైండరు నడుస్తోంది. అది ఆగిన క్షణంలో నాలుగు మాటలు స్పష్టంగా వినిపించాయి.

"షహర్ జాయ్, ముహందిస్ బహర్."

నా అరబ్బీ షెడ్డు అరబ్బీ. పైపు, స్క్రూ, తొందరగా, రేపు, అయిపోయింది. షహర్ అంటే నెల అని జీతం పుణ్యాన తెలుసు. షహర్ జాయ్, వచ్చే నెల. ముహందిస్, నేను. ఇక బహర్. పాకిస్తానీలతో, బెంగాలీలతో రోజంతా హిందీలోనే మాట్లాడేవాణ్ణి కాబట్టి ఆ మాటకు నాకు వేరే నిఘంటువు అవసరం పడలేదు. బాహర్. బయటికి.

పక్క మంచం మీది మా మండలం అన్నకు చెప్పాను. ఆయన చపాతీ పిండి కలుపుతూ విన్నాడు.

"హురూబ్ పెడ్తడురా. ఇంకేంది" అన్నాడు.

హురూబ్ అంటే, ఫలానావాడు పని వదిలి పారిపోయాడని కఫీల్ ఇచ్చే ఫిర్యాదు. అది పడితే ఇఖామా చెల్లదు, వేరే చోట చేరలేం, దొరికితే పంపించేస్తారు, మళ్లీ ఈ దేశం ముఖం చూడలేం.

"నేను పారిపోతలేను గద అన్నా. ఆయన పంపితేనే పోతున్న."

"పంపిండని కాయితం ఉన్నదా నీ తాన?"

లేదు.

"సామానంత మూటగట్టుకోని, సులైల కాకుంట ఖమీస్ ముషైత్ దిక్కు దొరికినవనుకో. నువ్వు పోలీసువైతే ఏమనుకుంటవ్?"

ఆయన పిండి ముద్ద మీద గుడ్డ కప్పి, "నూనె ప్యాకెట్ నీ సామాన్ల ఉన్నది, అది ఇచ్చి పో" అన్నాడు.

మర్నాడు పికప్ వెనక చిన్న కారవాన్ తగిలించుకుని బయలుదేరాం. డ్రైవరు కడప భాయ్. నాకంటే చాలా పెద్దవాడు, షెడ్డులో అందరికంటే పాతవాడు, అరబ్బీ నీళ్లలా మాట్లాడతాడు. ఇంట్లో ఉర్దూ, బయట సీమ తెలుగు. నా తెలుగు వింటే నవ్వు ఆపుకునేవాడు కాదు.

మొదటి చోటు రియాద్‌కు దక్షిణాన ఉన్న లోయ. అక్కడ ఏడాది పొడుగునా నీళ్లు పారతాయి. రెల్లు మనిషెత్తు పెరిగి ఉంది, కొంగలున్నాయి. కానీ అవి ఊరు వాడుకుని, శుద్ధి చేసి వదిలిన నీళ్లు. గాలి తిరిగితే వాసన వస్తుంది. ఎండ తగ్గేసరికి దోమలు గుంపులుగా దిగాయి. రోడ్డు బాగుంది, నేల గట్టిగా ఉంది, కారవాన్ తిప్పుకోవడానికి జాగా ఉంది, కుటుంబాలు మాత్రం ఉండవు అని రాసుకున్నాను. రాస్తున్నంత సేపూ భాయ్ నా చేతి వైపే చూశాడు.

"ఏం రాస్తాండావ్ ఇంతసేపు?"

"చోటు సంగతి."

"కిలోమీటర్లు గూడా రాస్తాండావే."

"రాయాలె గద. ఎంత దూరమో తెల్వాలె గద కిరాయికి తీసుకునేటోళ్లకు."

"ఊఁ" అన్నాడు. ఆ ఊఁ నాకు నచ్చలేదు.

అప్పుడే అతని ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి, తలుపు తీసుకుని బయటికి పోయి, కారవాన్ అవతల నిలబడి మాట్లాడాడు. వచ్చాక ఎవరని అడిగితే ఇంటి నుంచి అన్నాడు. కానీ గాలికి నాకు అందిన ముక్కలు అరబ్బీవి. కడపలో ఇంట్లోవాళ్లతో ఎవరూ అరబ్బీ మాట్లాడరు. దాన్నీ వరసలో చేర్చాను.

రెండో చోటు బురైదా వైపు. మ్యాపులో నీలంగా, ఒక ఖర్జూరం తోట పక్కన, చక్కటి అంచులతో చెరువు కనిపించింది. పైగా దాంట్లోకి ఒక నీలి గీత, నది లాగా. నేను ఫోన్లో కొలిచి చూసి, అక్కడ కనీసం పది కారవాన్లు పడతాయని ముందే లెక్క వేసుకున్నాను. తీరా పోతే తెల్లటి ఉప్పు పొర, దాని మీద మేకల గిట్టల గుర్తులు. ఎప్పుడో వానకు నిలిచిన నీళ్లను ఆకాశం నుంచి ఫొటో తీసినట్టున్నారు. నీలి గీత ఉత్త ఇసుక వాదీ.

భాయ్ పికప్ దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు.

"ఏం ఇంజినీరూ, యాడ నీ చెరువు?"

"మ్యాపుల ఉండె."

"మ్యాపులో మా పెన్న గూడా నీలంగానే ఉంటాది. చిన్నప్పుడు ఆ నీలంలో క్రికెట్ ఆడినాం మేం."

"మా దగ్గర వాగు గిట్లనే ఉంటది. ఎండకాలం ఉత్త ఉస్కె."

"చెలమ తవ్వేటోళ్లా మీరు?"

"ఎందుకు తవ్వం? మా నాయనమ్మ చేతులతోని తోడేది."

అతను నిజంగానే వంగి ఇసుకలో చేత్తో గుంట తోడాడు. మోచేతి లోతు వరకు తోడాడు. నేనూ వంగి చూశాను. చెమ్మ కూడా లేదు. లేచి చేతులు దులుపుకుంటూ, "ఇది పెన్న కాదబ్బా. పెన్న అయితే ఈ పాటికి ఇచ్చుండేది" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ కొద్దిసేపు నేను అతన్ని అనుమానించడం మరిచిపోయాను. వెంటనే మళ్లీ ఫోన్ మోగింది, అతను మళ్లీ కారవాన్ అవతలకు పోయాడు.

వాగు, వాదీ. మాటలు దగ్గరగా ఉన్నట్టే స్వభావాలు కూడా దగ్గర. మా వాగు దిగువన ఎండలో గొర్రెలు పడుకుని ఉంటాయి, ఎగువన ఎక్కడో కురిసిన వాన చప్పుడు లేకుండా వచ్చి మీద పడుతుంది. ఇక్కడి జనం వారాంతాల్లో వాదీ నడిగడ్డన తివాచీలు పరుస్తారు. అందుకని నేను చోటు చూసినప్పుడల్లా నీళ్ల కంటే ముందు నీళ్లు వచ్చి పోయిన గుర్తులు చూసేవాణ్ణి. తుమ్మ కొమ్మలకు చిక్కుకున్న పాత రెల్లు, ప్లాస్టిక్ సంచులు, గట్టు మీద బూడిదరంగు మడ్డి గీత. ఆ గీతకు పైన, ఒక మనిషి నిలువెత్తు పైన కారవాన్ నిలవాలన్నది నా నియమం. నీళ్ల వైపు వాలు ఉండకూడదు. కారు లాగడానికి తడవని దారి వెనక నుంచి ఉండాలి. మురుగు తొట్టి నీళ్లలోకి వదిలే వీలుండకూడదు, ఎందుకంటే వీలుంటే వదులుతారు.

ఖమీస్ ముషైత్ దారి చాలా పొడుగు. మధ్యలో పెట్రోలు బంకుల దగ్గర ఆగినప్పుడల్లా ఫోన్లో ఇఖామా నంబరు కొట్టి, నా స్థితి చూసుకునేవాణ్ణి. చెల్లుతుంది అని వచ్చేది. చెక్‌పోస్టు కనిపిస్తే నా చెయ్యి తనంతట తనే జిరాక్సు కాగితం మీదికి పోయేది. ఒక చోట పోలీసు ఆ కాగితం చూసి, అసలుది ఏదని అడిగాడు. భాయ్ అరబ్బీలో ఏదో చెప్పాడు. పోలీసు నవ్వి వదిలేశాడు.

"ఏం చెప్పినవ్ భాయ్?"

"కఫీల్ దగ్గరుండాది అని చెప్పినా."

"దానికెందుకు నవ్విండు?"

"నవ్వొచ్చింటాది, నవ్వినాడు. పోలీసు నవ్వినా తప్పేనా నీకు?"

కొండల్లోకి ఎక్కాక గాలి మారింది. ఆనకట్ట వెనక చెరువు చూడగానే నేను కాసేపు కొలతలు మరిచిపోయాను. నిజమైన నీళ్లు. పొడుగ్గా, కొండల మధ్య వంపు తిరిగి, పచ్చగా. అవతలి గట్టున కోతుల మంద. మన కోతులు కావు, కుక్కంత ఉంటాయి, మగవాటికి మెడ చుట్టూ జూలు. అవి కూర్చుని మమ్మల్ని చూశాయి.

భాయ్ కారవాన్‌ను గట్టు మీద చదును చూసి నిలిపి, పికప్ నుంచి విడదీశాడు. నాలుగు మూలల జాకీలు దించాడు. చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాడు. లోయలో, బురైదాలో పల్లం వైపు ఒక్క రాయితో సరిపెట్టేవాడు. నేను గమనించాను గానీ, కొండ ప్రాంతం కదా అనుకున్నాను.

"గ్యాసు సిలిండర్ అయిపోవచ్చింది. ఊళ్లోకి పోయి తెస్తా. రొట్టెలు గూడా. నువ్వు కొలతలు తీస్కో" అని పికప్ తిప్పుకుని పోయాడు.

కొలతలు తీసుకున్నాను. మడ్డి గీత గుర్తించాను. దాని నుంచి పైకి ఒక మనిషి ఎత్తు కొలిచి, అక్కడ ఒక రాయికి తెల్ల పెయింటు పూశాను. అంతా అయ్యాక చూస్తే భాయ్ రాలేదు. ఊరు అంత దూరం కాదు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు.

అప్పుడు అన్నీ ఒక వరసలో నిలబడ్డాయి. సామానంతా నాతో ఉంది. నా అసలు కార్డు నా దగ్గర లేదు. నేను పని చోటుకు అంత దూరంలో, సిగ్నల్ లేని చోట, ఒంటరిగా ఉన్నాను. బండి లేదు. ఇప్పుడు సులైలో ఎవరైనా వచ్చి నేనెక్కడ అని అడిగితే కఫీల్ నిజమే చెబుతాడు: లేడు. ఇంత చక్కగా అమర్చాలంటే ఇంజినీరు కావాలి అనుకున్నాను.

వెనకాల కొండ ఎక్కాను. చాలా పైకి పోతే గానీ ఫోన్లో ఒక గీత రాలేదు. నంబరు కొట్టాను. పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. చెల్లుతుంది. పేజీ మూసి మళ్లీ తెరిచాను. చెల్లుతుంది. కింద చూస్తే కోతులు కారవాన్ చుట్టూ చేరాయి. ఒకటి పైకప్పు మీద కూర్చుంది. నేను దిగేసరికి ఉన్న ఒక్క రొట్టె ప్యాకెట్టూ పోయింది.

పికప్ వచ్చిన చప్పుడు విని నేను దారికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇంతసేపు యాడ పోయినవ్ భాయ్?"

"సిలిండర్ షాపోడు నమాజుకు మూసుకున్యాడు. కూర్చున్యా."

"ఫోన్ల ఎవలతోని మాట్లాడినవ్? కఫీల్‌తోనే గద? రోజు ఎవలతోని మాట్లాడుతున్నవ్? నాకు చెప్పకుంట కారవాన్ ఎన్కకు పోయి మాట్లాడుడేంది?"

అతను ఇంజిన్ ఆపాడు. సిలిండర్ దించలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"నేనడగాల ఆ మాట. నువ్వెందుకు నా బండి కిలోమీటర్లు రాస్తాండావ్? డీజిల్ ఎంత పోసినానో, యాడ ఆగినానో, ఎంతసేపు ఆగినానో, అన్నీ రాస్తాండావే? కఫీల్ చెప్పినాడా, ఈ ముసిలోడి మీద ఒక కన్నేయమని?"

నేను జేబులోంచి నోటుబుక్కు తీశాను.

"ఇద్దరిలో ఒకర్నే ఉంచుకుంటాడంట ఇంక. షెడ్డులో అందరూ అనుకుంటాండారు. నిన్ను నా పక్కన కూర్చోబెట్టినాడంటే నేనేమనుకోవాల? రోజూ నేనే మెసేజ్ పెట్టి అడుగుతాండా, నా ఇఖామా ఏమాయె అని, ఆయన తిరిగి ఫోన్ చేస్తాండాడు. నీ ముందర అడుక్కోవాల్నా?"

నేను రాసుకున్నదంతా అతని ముందు తెరిచాను. అతనికి తెలుగు చదవడం వచ్చు. దోమలు, మడ్డి గీత, మలుపు వెడల్పు, తిప్పుకునే జాగా. చదువుతూ చదువుతూ అతని మీసాలు కదిలాయి.

"ఇదేంది, 'కొంగలు ఉన్నవి' అని రాసినావ్. కొంగలకు గూడా అద్దెకిస్తామా?"

అప్పుడు నేను గ్లాసు గది మాట చెప్పాను. షహర్ జాయ్, ముహందిస్ బహర్. బయటికి పంపుతాడు, వచ్చే నెల.

భాయ్ తలుపు తీసుకుని కిందికి దిగి, రాయి మీద కూర్చుని నవ్వాడు. చాలాసేపు నవ్వాడు.

"బాహర్ కాదబ్బా. బహర్. సముద్రం. అరబ్బోడు మాట్లాడితే హిందీలో వింటావా నువ్వు? వచ్చే నెల ఇంజినీర్ని సముద్రం దిక్కు పంపుతాం అని. ఈ నెల చెరువులు, వచ్చే నెల సముద్రం. అంతే."

"నిజమేనా?"

"యాడన్నా రాసుకో. బహర్ అంటే సముద్రం."

ఆ సాయంత్రం మేం కోడి వండుకున్నాం. చాలా రోజుల తర్వాత తిన్నది తిన్నట్టు అనిపించింది. పంపేసే మనిషికి ఎవరూ వచ్చే నెల పని అనుకోరు. సముద్రానికి పంపుతున్నాడంటే కార్డు వస్తున్నట్టే.

మర్నాడు మధ్యాహ్నం మా మీద ఎండ కాస్తూనే ఉంది, దూరపు కొండల మీద మాత్రం మబ్బు నల్లబడింది. ఉరుము కూడా వినిపించలేదు. నాకు మా వాగు గుర్తొచ్చి, భాయ్‌ని లేపి, అడుగున గట్టు వారగా పరిచిన చాపలు, కుర్చీలు పైకి చేర్పించాను. అతను గొణుక్కుంటూ మోశాడు. కొంతసేపటికి చెరువు తల దగ్గర వాదీ మూతి నుంచి ఎర్రటి నీళ్లు వచ్చాయి. పరుగున రాలేదు. నెమ్మదిగా, పట్టుదలగా వచ్చాయి. మేం కుర్చీలు వేసుకున్న చోటు మునిగింది. నీళ్లు మడ్డి గీత దాకా వచ్చి, దాన్ని తడిపి ఆగాయి. తెల్ల రాయి పొడిగానే ఉంది.

"వాగు గురించి నీకు తెల్సబ్బా" అన్నాడు భాయ్. అతను నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

కొండెక్కి, కఫీల్‌కు ఆ చోటు ఫొటోలు, కొలతలు పంపాను. చూసిన వాటిలో ఇదే మంచిదని రాశాను. ఒక షరతు కూడా రాశాను, గర్వంగానే: ఇక్కడ ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. పైకొండల మబ్బు చూసి నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పగలిగిన మనిషి, వచ్చినవాళ్లను గీత కింద దిగనివ్వని మనిషి. అలాంటివాడు లేకపోతే ఈ చోటు వద్దు.

జవాబు రాలేదు. రెండు రోజుల తర్వాత కఫీలే వచ్చాడు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, తెల్లటి జీపులో. జీపు దిగి, చెప్పులు విడిచి, పొడుగాటి తెల్ల అంగీ, తోబ్, మడమల పైకి పట్టుకుని గట్టు అంచు దాకా నడిచాడు. నీళ్ల వైపు చెయ్యి చాపి తమ్ముడితో అన్నాడు.

"షుఫ్త్? కుల్త్ లక్. బహర్."

చూశావా, చెప్పాను కదా, బహర్.

నేను భాయ్ వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. కఫీల్ రియాద్ ఇసుకలో పుట్టి పెరిగిన మనిషి. వీపు తడిసేంత నీళ్లు ఎక్కడ కనిపించినా అతనికి అది సముద్రమే. ఈ చెరువును అతను ముందే చూశాడు. గ్లాసు గదిలో ఫోన్ పట్టుకున్న నాటికే చూశాడు. వచ్చే నెల, ఇంజినీరు, ఈ నీళ్లు.

సంగతి తమ్ముడు అరబ్బీలో చెప్పాడు, భాయ్ తెలుగులో చెప్పాడు. తమ్ముడి పేరు మీద ఖమీస్‌లో ఒక చిన్న సంస్థ కొత్తగా రిజిస్టరు చేయించారు. యజమానే పనివాడిగా ఉండే చిన్న సంస్థకు కొద్దిమంది మీద లెవీ పడదు, రంగు గొడవ కూడా తక్కువ. నన్ను షెడ్డు నుంచి దాంట్లోకి మార్చారు. నేను సంతకం పెట్టిన కాగితం అదే. కారవాన్ ఇక్కడే ఉంటుంది, నేనూ ఇక్కడే ఉంటాను, మరో నాలుగు కారవాన్లు వస్తాయి.

కఫీల్ జేబులోంచి కొత్త ఇఖామా తీసి నా చేతిలో పెట్టాడు. "ఖలాస్, ముహందిస్. ముష్కిల్ మాఫీ." అయిపోయింది, ఇక ఇబ్బంది లేదు అని.

ఇన్నాళ్లు నేను దేనికోసం ఊపిరి బిగబట్టానో అది నా చేతిలో ఉంది. ఫొటో నాదే. గడువు ఇంకో ఏడాది. వృత్తి దగ్గర అరబ్బీ మాట మారింది. అక్షరాలు కూడబలుక్కుని చదవబోతుంటే భాయ్ మెల్లగా అన్నాడు.

"హారిస్. కాపలాదారు."

ఎప్పుడూ ఒక మనిషి ఉండాలని రాసింది నేనే. కానీ కార్డు నేను రాసిన రెండు రోజుల్లో తయారయ్యేది కాదు. నేను సులైలో కంబళి మూట కట్టుకుంటున్నప్పుడే ఈ మాట ఎక్కడో ఒక కంప్యూటర్లో పడి ఉంటుంది. మరి ఇన్ని చోట్లు ఎందుకు తిప్పాడు? లోయ, బురైదా, ఆ ఉప్పు పొర? నేనే వచ్చి, నేనే కొలిచి, నేనే మంచిదని చెప్పాలని కావచ్చు. నిజంగా చోట్లు కావాలనే కావచ్చు. అడిగితే ఇన్షా అల్లా అంటాడు. నేను అడగలేదు. షుక్రన్ అని కృతజ్ఞత చెప్పాను. ఆ నెలలో మా గదిలో కొత్త కార్డు అందుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

వాళ్ల జీపు పోయాక భాయ్ పికప్ స్టార్ట్ చేశాడు. వెనక ఏమీ తగిలించుకోలేదు. అతని ఇఖామా సంగతి ఇంకా తేలలేదు, రియాద్ వచ్చాక చూద్దాం అన్నాడట కఫీల్. నేను కిటికీ దగ్గరికి పోయాను.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు భాయ్. నీకు ముందే ఎరుకేనా?"

"నాకేం తెల్సు? నా కార్డే నాకు తెల్వదు."

"మరి చక్రాలకు రెండు దిక్కుల రాళ్లు ఎందుకు పెట్టినవ్? శాన దినాలు నిలిపే బండికి పెట్టినట్టు, మొదటి రోజే?"

అతను అద్దంలోంచి కారవాన్ వైపు చూశాడు. నాలుగు జాకీలు, చక్రాలకు అటూ ఇటూ రాళ్లు, తలుపు దగ్గర నా కంబళి మూట.

"ఈడ గాలి ఎక్కువబ్బా" అన్నాడు.

పికప్ మలుపు తిరిగింది. నేను గాలి చూశాను. ఆకు కదలడం లేదు. అవతలి గట్టున కోతులు లేచి, కారవాన్ వైపు నడవడం మొదలుపెట్టాయి. కొత్త కార్డు లోపలి జేబులో పెట్టుకుని, తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను.